రైలు సమ్మెలు - కరువు భత్యము

ధరలు మండిపోవు కాలమున జీతము పెంపుమని కార్మికుడడుగుట వింత గాదు. ఆ కార్మికుడు బండి నడపువాడైనచో అతని సమ్మె యజమాని వాకిటితో ఆగదు; ఊరంతయు నిలిచిపోవును. 2022 జూన్‌లో ప్రారంభమై రెండేండ్లకు పైగా విడతలు విడతలుగా సాగిన బ్రిటను రైలు సమ్మెలు ఇట్టివే. అందలి ముఖ్యమైన తగవు 2024 సెప్టెంబరులో రాజీతో ముగిసినది. ఉద్రేకములు చల్లారిన పిమ్మట గాని తగవులోని న్యాయాన్యాయములు తేటపడవు. కావున ఆ సమ్మెల కథను పాఠకుల ముందుంచి, అందు మనకు పనికివచ్చు పాఠమేదో విచారింపదలచినాము.

2022 మే నాటికి బ్రిటనులో ధరలు ఏడాదిలో నూటికి 9.1 వంతున పెరిగినవి. అక్టోబరునాటికి ఆ పెరుగుదల 11.1 కి చేరినది. నలుబదియొక్క సంవత్సరములలో అంతటి పెరుగుదలను ఆ దేశమెరుగదు. యుక్రెయిను యుద్ధముతో గ్యాసు ధర మిన్నంటుట ఇందుకొక ముఖ్య కారణము. కోవిడు కాలమును జీతముల పెంపు లేకయే గడపిన రైల్వే కార్మికులు పలువురు ఈ ధరల వరదలో చిక్కుకొనిరి. జూన్ 21, 23, 25 తేదీలలో గార్డులు, సిగ్నలు పనివారు, స్టేషను సిబ్బంది, పట్టాల మరమ్మతు చేయువారు మొదలైన నలుబదివేల మందికి పైగా పని మానిరి. ముప్పదియేండ్లలో అంత పెద్ద రైలు సమ్మె అచ్చట జరిగియుండలేదు. కొలదివారములకే డ్రైవర్ల సంఘమును రంగమున దిగినది. ఉద్యోగముల కోతయు, పని నిబంధనల మార్పును తగవులోనివే. కాని దాని గుండెకాయ జీతము.

ప్రభుత్వమిచ్చిన మొదటి సమాధానమిది: జీతములు పెంచినచో ధరలు పెరుగును, ధరలు పెరిగినచో జీతములు మరల పెంపవలయును, ఈ సుడిగుండమునకు అంతముండదు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. 1970 దశకమున బ్రిటను దాని రుచి బాగుగానే చూచినది. పైగా కోవిడు కాలమున రైళ్లను నిలబెట్టుటకు సుమారు 1,600 కోట్ల పౌనుల ప్రజాధనము వెచ్చించితిమని ప్రభుత్వము చెప్పినది. ఐనను 2022 నాటి ధరలు రైల్వే జీతములవలన పుట్టినవి గావు. నూరు పౌనుల సరకు నూటపదకొండు పౌనులైనప్పుడు, నూరు పౌనుల జీతము నూటనాలుగైనచో అది పేరునకు పెంపు, నిజమునకు కోత. ధర బారెడు, జీతము మూరెడు పెరిగిన యింట ఇల్లాలు ఏ కూడికలు తీసివేతలు చేసినను వంటయింటి లెక్క కుదరదు.

ఇంతకన్న గమనింపదగిన సంగతి మరియొకటి కలదు. ఇంగ్లాండులో ప్రభుత్వ నియంత్రణకు లోబడిన రైలు చార్జీలను అంతకు ముందటి జూలై నెల చిల్లర ధరల సూచికనుబట్టి ఏటేట పెంచుట అప్పటికి చిరకాలపు వాడుకగా నుండెను. 2022 జూలైలో ఆ సూచిక నూటికి 12.3 చూపగా, అంత భారము ప్రయాణికులు మోయలేరని తలచి, 2023 మార్చినుండి 5.9 మాత్రమే పెంచిరి. 2023 ఏప్రిలులో వృద్ధుల పింఛనులను ధరలకనుగుణముగా నూటికి 10.1 వంతున పెంచిరి. ఈ రెండును మంచి పనులే, మేమందుకు తప్పుపట్టము. కాని ఒక్క సంగతి అడుగవలసియున్నది. చార్జీ వసూలు చేయుటకు ధరల సూచిక ప్రమాణమైనది. పింఛను ఇచ్చుటకు ప్రమాణమైనది. ఆ చార్జీ టిక్కెట్టు చేతికిచ్చు మనిషి జీతమునకు మాత్రము అదే సూచిక సుడిగుండమెట్లైనది? రాజ్యమొక కొలతను అంగీకరించిన పిమ్మట దానిని ఒకరికి విప్పి మరియొకరికి ముడిచి చూపరాదు.

ప్రభుత్వమిచ్చిన రెండవ సమాధానము, ఇది యజమానులకును కార్మికులకును నడుమ తగవు, మాకు సంబంధము లేదని. ఇది నిలువజాలని మాట. 2020 లో పాత గుత్త పద్ధతి కూలిపోయినది. నాటినుండి ఇంగ్లాండు రైళ్ల రాబడి వ్యయముల భారము చాలవరకు ప్రభుత్వము తలకెత్తుకొన్నది. కంపెనీలు బల్లయొద్ద కూర్చుండెను. సంచి తాడు ప్రభుత్వము చేతనుండెను. ఎంత ఇవ్వవచ్చునో చెప్పు అధికారము లేనివారితో ఎన్ని నెలలు సంప్రదించినను ఫలమేమి? సమ్మెలవలన కలిగిన నష్టము, తొలుతనే రాజీపడియున్నచో అయ్యెడి ఖర్చును మించినదని రైల్వే మంత్రి హ్యూ మెరిమన్ 2023 జనవరిలో పార్లమెంటు సంఘమెదుట ఒప్పుకొనెను. ఇతర ప్రభుత్వోద్యోగుల జీతములపై పడు ప్రభావమునుకూడ చూడవలెనని ఆయన సమర్థించుకొనెను. ఆ సమర్థనను అంగీకరించినను, నష్టము మోసినది ఖజానాయే గదా!

ప్రయాణికుల మాటను మరువరాదు. ఆంబోతుల పోరులో లేగదూడలు నలిగినట్లు, ఈ తగవున నలిగినవారు సామాన్యులు. ఇంటినుండి కంప్యూటరుపై పని చేసికొనగల ఉద్యోగికి రైలు లేకున్నను దినము గడచును. ఆసుపత్రి ఊడ్చు మనిషికి, హోటలు పనివానికి, పరీక్షకు పోవలసిన విద్యార్థికి గడవదు. కార్మిక నాయకులు ఈ సంగతిని ఎల్లప్పుడును దృష్టియందుంచిరని చెప్పజాలము. రైల్వేలో అందరి స్థితియు ఒక్కటి గాదు; డ్రైవరు జీతమునకును బండి తుడుచు మనిషి జీతమునకును ఎంతో దూరము. అందరికిని ఒకే వంతున పెంచినచో ఎక్కువ జీతగానికే ఎక్కువ ముట్టును. పట్టాలను, సిగ్నళ్లను చూచు నెట్‌వర్కు రైలు సంస్థలో 2023 మార్చిన కుదిరిన ఒప్పందము 2022 కు 5, 2023 కు 4 వంతుల చొప్పున పెంచి, తక్కువ జీతగాండ్రకు అంతకు మించి యిచ్చినది. న్యాయమైన మార్గమదియే.

రాజీ మార్గమింత దగ్గర నుండగా ప్రభుత్వము చట్టపు కర్రను కూడ చేతబట్టినది. సమ్మెలో నున్నవారి స్థానమున ఏజెన్సీల ద్వారా కూలివారిని పెట్టుకొనవచ్చునని 2022 జూలైలో నిబంధన మార్చినది. ఏడాది తిరుగకముందే హైకోర్టు ఆ మార్పును కొట్టివేసినది. సమ్మె దినమునందును కొన్ని బండ్లు తప్పక నడువవలెనని 2023 జూలైలో చట్టము చేసినది. ఏ రైలు కంపెనీయు దానిని తుదివరకు ప్రయోగింప సాహసింపలేదు. 2024 లో ప్రభుత్వము మారినది. డ్రైవర్లకు మూడేండ్లకు వరుసగా 5, 4.75, 4.5 వంతుల పెంపు నిశ్చయమై, ఆ సెప్టెంబరున సంఘ సభ్యులు అత్యధిక సంఖ్యతో ఆమోదించిరి. చట్టములు సాధింపలేనిది సంభాషణ సాధించినది. ఆ సంభాషణ రెండేండ్ల ముందే జరిగియుండరాదా?

ఇక మన సంగతి. జీతమునకును ధరకును లంకె యుండవలెనను భావము మనకు క్రొత్త గాదు. 1918 లో అహమ్మదాబాదు మిల్లు కార్మికులు, ప్లేగు కాలపు అదనపు భృతి ఆగిపోయి ధరలు మాత్రము నిలిచియున్నప్పుడు, నూటికి 35 వంతుల పెంపు కోరిరి. గాంధీ మహాత్ముడు వారి పక్షమున నిలిచి ఉపవసించెను. తగవు మధ్యవర్తికి అప్పగింపబడినది. తీర్పు 35 వంతులనే నిలిపినది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ధరల సూచికనుబట్టి ఏటికి రెండు మారులు సవరించు భత్యమునకు మన తెలుగువారు పెట్టుకొన్న పేరు కరువు భత్యము. ఆ పేరులోనే న్యాయమంతయు ఇమిడియున్నది: కరువు దేశమునకు వచ్చినప్పుడు దానిని కూలివాడొక్కడే మోయరాదు.

ఐనను మనము గర్వింప పనిలేదు. 1974 మే 8 నుండి 27 వరకు లక్షలాది రైల్వే కార్మికులు సమ్మె చేసినప్పుడు, ధరలు ఏటికి నూటికి ఇరువదికి మించి పెరుగుచుండెను. ప్రభుత్వము వేలాదిమందిని చెరలో బెట్టి సమ్మెను అణచినది. కాని నాడు నిరాకరించిన బోనసును 1979 లో మరియొక ప్రభుత్వము ఇచ్చినది. 2015 మేలో ఆంధ్ర, తెలంగాణ ఆర్.టి.సి. కార్మికులు ఎనిమిది దినములు బస్సులు నిలిపిరి. 2013 లోనే జరుగవలసిన వేతన సవరణ జరుగకపోవుట దానికి మూలము. తుదకు ఆంధ్రలో 43, తెలంగాణలో 44 వంతుల ఫిట్‌మెంటు ఇచ్చిరి. ఇవ్వవలసినదానిని గడువులోనే ఇచ్చియున్నచో, ఎండలు మండు మే నెలలో పల్లె ప్రయాణికుడు రోడ్డు ప్రక్క పడిగాపులు గాయవలసిన పని లేకుండెడిది.

మా అభిప్రాయము స్పష్టము. ప్రజా రవాణాలో తక్కువ జీతగాండ్ర వేతనము ధరలతో తనంతట కదలవలెను. అద్దె బస్సులు నడపువారికిని, కాంట్రాక్టు పనివారికిని ఆ రక్షణ చాలవరకు లేదు. మొదట దృష్టి పెట్టవలసినది వారిమీద. సంచి తాడు ఎవరి చేతనున్నదో వారే బల్లయొద్ద కూర్చుండవలెను. గడువు దాటిన తగవు మధ్యవర్తికి పోవలెను, ఆ తీర్పును ఇరుపక్షములును శిరసావహింపవలెను. అంతవరకు కార్మికులు బండి ఆపకుండుట ధర్మము. కాని గడువును కాలరాచిన ప్రభుత్వమునకు ఆ ధర్మమును బోధించు అర్హత లేదు. సమ్మె జరిగిన దినమున రైలును ఆపినవాడెవడని అందరును అడుగుదురు. జీతమును ఎన్నేండ్లుగా ఆపినది ఎవరని ముందుగా అడుగు దేశమున ఆ రెండవ ప్రశ్నకు అవకాశముండదు.