మారిషసును మనమును

హోసూరు అంగళ్లలో విదేశముల ప్రస్తావన వచ్చినపుడెల్ల జీతములే తూచబడుచున్నవి. మేమును వర్తకులమే గనుక తూనికను నిందింపము. కాని తక్కెడలో వేయవలసినవి మఱికొన్ని గలవు.

మారిషసును జూడుడు. పందొమ్మిదవ శతాబ్దమున చెఱకు తోటల కూలికై మనవారు ఓడలెక్కి చేరిన దీవి యది. 1968లో స్వతంత్రమయ్యెను, 1977 నుండి ఉన్నత పాఠశాల చదువునకు రుసుము లేదు. ఐక్యరాజ్య సమితి వారి 2025 నివేదికలో మానవాభివృద్ధి సూచిక ఆ దేశమునకు 0.806, మన దేశమునకు 0.685. 12 లక్షల పైబడిన జనముగల దీవితో 140 కోట్ల దేశమును పోల్చుట న్యాయము కాదందురు, ఒప్పుకొందము.

మమ్ము కలచినది వేఱొకటి. అచ్చటి తెలుగువారిలో పెక్కుమంది యిండ్లలో క్రియోలు మాటలాడుదురు. ఐనను వారి బిడ్డలు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో తెలుగు చదువుకొనవచ్చును. ఉగాదికి అచ్చటను సెలవే, ఇచ్చటను సెలవే. హోసూరు, కృష్ణగిరి యిండ్లలో తెలుగు వినబడుచునే యున్నది. చదువగల బిడ్డలే తగ్గుచున్నారు.

తమిళమును నిర్బంధ పాఠ్యముగ జేసిన 2006 నాటి చట్టమును గూర్చి మొఱపెట్టుకొంటిమి, అది తగినదే. తమిళము నేర్చుటకు మనకు అభ్యంతరము లేదు, ఇచ్చటి బేరమెల్ల దానితోనే గదా! కాని మన బిడ్డలను ఆంగ్ల పాఠశాలల బస్సులెక్కించినది ఆ చట్టము కాదు, మనమే. రాబోవు జూనులో తెలుగు తరగతిలో బిడ్డల పేర్లు వ్రాయింప దలచినవారు ఈ నెలలోగా సంఘ కార్యాలయమునకు తెలుపగోరుచున్నాము.