మెగావాట్ అంటే ఎన్ని ఇస్త్రీపెట్టెలు?

సెమినార్ అనగానే మనలో చాలామంది చేసేది ఒకటే. నెట్‌లో దొరికిన పేరాలు స్లైడ్ల మీదికి ఎక్కించి, తెరవైపు తిరిగి చదివేయడం. నేనూ అదే చేశాను. మీ ఊరి గురించి మాట్లాడమంటే, మా బలసముద్రం పొలాల్లో వెలసిన పావగడ సోలార్ పార్కును ఎంచుకున్నాను. "2019 డిసెంబరుకు పూర్తయింది, సామర్థ్యం 2,050 మెగావాట్లు, విస్తీర్ణం దాదాపు 13,000 ఎకరాలు, గ్రామాలు 5" అని గడగడా చదివాను. చప్పట్లు బాగానే కొట్టారు. బయటికొచ్చాక అడిగితే ఒక్క అంకె కూడా ఎవరికీ గుర్తులేదు.

సెలవులకు ఇంటికెళ్లి అదే పాఠం మా అవ్వకు ఒప్పజెప్పాను. "అంతంటే ఎంత పాపా? మనింట్లో దేనికొస్తుంది?" అంది. నోట మాట రాలేదు. నాకే తెలియదన్నమాట!

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. మామూలు ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లు. అలాంటివి వెయ్యి ఒకేసారి వేడెక్కితే ఒక మెగావాట్. నిండు ఎండలో పార్కు పూర్తి సామర్థ్యంతో పనిచేస్తే 20 లక్షల 50 వేల పెట్టెలు. ఎకరాకు చూస్తే 160కి కాస్త అటూ ఇటూ. "ఎకరా సెనక్కాయల చేను మీద నూట అరవై ఇస్త్రీపెట్టెలవ్వా" అన్నాను. అవ్వ నవ్వి, "మరి పొద్దుగూకితే?" అంది. ఒక్కటీ లేదు. నేను మొదటి స్లైడ్‌లోనే చెప్పాల్సిన సంగతి అది!

ఇలా చెబితే విషయం పలచబడుతుందని కొందరంటారు. నేనొప్పుకోను. మెగావాట్ అనే మాట తీసేయమనడం లేదు, దాని పక్కన ఇస్త్రీపెట్టె పెట్టమంటున్నాను. (మన డిపార్టుమెంటువాళ్లకు ఇంకో జబ్బుంది. 'ప్లేట్లు' అంటే అందరికీ అర్థమయ్యేదాన్ని 'సౌర ఫలకాలు' చేసేస్తాం.)

అర్థం కాకపోతే నష్టమేమిటంటారా? పార్కుకు భూములు కొనలేదు, రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. ఒప్పందం పాతికేళ్లకు తగ్గదు. "5 శాతం" అంటే విన్నవాళ్లు తల ఊపి ఊరుకుంటారు. "మూడో ఏడు ఎకరాకు 1,050 రూపాయలు ఎక్కువొస్తుంది" అనండి. అప్పటికి సెనక్కాయల ధరెంత, బియ్యం ధరెంత అని వెంటనే అడుగుతారు. వేలిముద్ర వేసేముందు రావలసిన ప్రశ్నలవి. ఇక సొంత భూమి లేక ఆ చేలల్లో కూలికి పోయినవాళ్లకు కౌలు డబ్బే లేదు. నా 22 స్లైడ్లలో వాళ్ల ఊసే లేదు.

వచ్చే సెమినార్‌కు నావి ఆరే స్లైడ్లు. మేడంగారు ఒప్పుకుంటే, ముందు బెంచీలో మన మెస్ అక్కను కూర్చోబెట్టి, మొదటి ప్రశ్న ఆమెనే అడగమంటాను.