ఎండను కోరే పూలు

వేసవి రాగానే నగరవాసులు తోటపనికి సెలవు ప్రకటిస్తారు. చలికాలంలో చేమంతులతో కళకళలాడిన కుండీలు ఉగాది దాటేసరికి మూలకు చేరతాయి. క్రోటను మొక్కలు మాత్రం మిగులుతాయి. ఎండాకాలంలో పూలు పూయవన్న ఈ నమ్మకం నిరాధారమైనదని నా అభిప్రాయం. ఎండను భరించలేని మొక్కలనే పెంచి, ఎండను నిందించడం న్యాయం కాదు.

మా కాచిగూడ చుట్టుపక్కల పేటల పేర్లు గమనించండి: బాగ్ లింగంపల్లి, బాగ్ అంబర్‌పేట, బషీర్‌బాగ్. 'బాగ్' అంటే పారశీక భాషలో తోట. పేరులో నిలిచిన తోట నేలమీద నిలవలేదు. పెరళ్లు సిమెంటు గచ్చులయ్యాయి. పగలంతా పీల్చుకొన్న వేడిని ఆ గచ్చులు రాత్రి పొద్దుపోయేదాకా వెదజల్లుతూనే ఉంటాయి. నాంపల్లిలో 'బాగే ఆమ్' అనే పబ్లిక్ గార్డెన్స్ ఉన్నది, నిజమే. కాని ఉదయం లేవగానే కంటికి కనబడేది మన వాకిలే కదా!

అమెరికాలో వేసవి పెరళ్లకు శోభ తెచ్చే పసుపుపచ్చని పువ్వు ఒకటి ఉన్నది. దానిని 'బ్లాక్ ఐడ్ సూసన్' అంటారు. మేరీలాండ్ రాష్ట్రం 1918లో దానిని తన పుష్పంగా స్వీకరించింది. నడుమ ముదురు గోధుమరంగులో ఉబికి ఉండే భాగమే ఆ 'నల్లకన్ను'. అది నిజానికి వందలాది చిన్న పూల సముదాయం. మన కవులు కన్నులను పూలతో పోల్చారు. అక్కడివారు పూవుకే కన్ను కల్పించారు.

దాని విత్తనాలు తెప్పించుకోవాలని ఉబలాటపడేవారు లేకపోలేదు. తప్పులేదు. అయితే నలభై డిగ్రీలు దాటే మన ఏప్రిల్, మే నెలల ఎండ వేరు. ఆ పూవు బంధువర్గం మన నర్సరీలలో ఎప్పటినుండో ఉన్నది: గైలార్డియా, జీనియా, పసుపు కాస్మాస్, పొద్దుతిరుగుడు. ఇవన్నీ అమెరికా ఖండాలకు చెందినవే. అచ్చంగా మనదనుకొనే బంతి సైతం మెక్సికో ప్రాంతం నుండి వచ్చినదే. 16వ శతాబ్దిలో శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో గ్రీష్మాన్ని విస్తారంగా వర్ణించాడు. అందులోని విష్ణుచిత్తుడు స్వామికి మాలలు కట్టేవాడు. ఆ మాలలలో బంతి ఉన్నదని ఊహించడం కష్టం. అయినా నేడు బంతిదండ లేని గుమ్మం ఉన్నదా? కనుక పరదేశీయమన్న కారణంతో ఏ పువ్వునూ వెలివేయనక్కరలేదు.

నాకు వింతగా తోచేది మరొకటి. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మ పేర్పులో దానిదే అగ్రస్థానం. బీడునేలలో, ఎవరూ నీరు పోయకుండానే బంగారంలా పూస్తుంది. అయినా దానిని ఇంటి ముంగిట నాటేవారు అరుదు. తల్లివేరు లోతుగా దిగే మొక్క కాబట్టి, గింజలను నానబెట్టి, పెరగవలసిన చోటనే విత్తడం మేలు.

తాగునీటికే కటకటలాడే వేసవిలో పూలకు నీరెక్కడిది అని అడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. బియ్యం, కూరలు కడిగిన నీరు నాలుగు కుండీలకు చాలు. మొదళ్లలో ఎండుటాకులు పరిస్తే తేమ త్వరగా ఆరదు. ఒంటిరేకల పూలనే ఎంచుకొంటే తేనెటీగలకూ ఆహారం దొరుకుతుంది. ముద్దపూలలో వాటికి దక్కేది స్వల్పం. జీనియాను ఫిబ్రవరి తొలివారంలో విత్తండి. మీ వార్షిక పరీక్షలు ముగిసేనాటికి మొగ్గ తొడుగుతుంది.