ఎదగని వీరుడు

వీడియో ఆట అనగానే పెద్దల నొసలు ముడివడుట వింత కాదు. కాలము వృథా, కంటికి చేటు, చదువునకు శత్రువు అను మూడు నేరములు దానిపై ఉండనే ఉన్నవి. వానిలో నిజము లేకపోలేదు. అయినను అన్ని ఆటలను ఒకే గాటన కట్టుట న్యాయము కాదు. 1986లో జపానుకు చెందిన కొనామీ సంస్థ వెలువరించిన "కాసిల్‌వేనియా"ను ఇందుకు సాక్షిగా పిలువవచ్చును.

కథ చిన్నది. సైమన్ బెల్మాంట్ అను వీరుడు కొరడా చేతబట్టి డ్రాకులా కోటలో ప్రవేశించును. 18 అంచెలు దాటి ఆ రక్తపిపాసిని కడతేర్చవలెను. ఇందులో కొత్త కల్పన స్వల్పము. పురాతనమైన కోటను భయమునకు నిలయము చేసి గాథిక్ నవలకు దారి తీసినది 1764 నాటి హొరేస్ వాల్‌పోల్ రచన "ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో". డ్రాకులా 1897లో బ్రామ్ స్టోకర్ నవలతో లోకమునకు పరిచితుడైనాడు. ఆ సాహిత్యమును, పాత భయానక చలనచిత్రములను నిర్మాతలు ఒకే చూరు క్రిందికి చేర్చినారు. ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించిన వికృతాకారము, ఈజిప్టు మమ్మీలు, గ్రీకు పురాణములోని మెడూసా అందరును ఆ కోటలోనే కాపురమున్నారు.

అయితే ఆకర్షణ అంతయు ఈ బూచుల వలన కలిగినదనుట పొరపాటు. రెండవసారి కనిపించునప్పటికి బూచి భయము సగము తీరును. ఆటగాండ్రు నేటికిని ఆ కోటకు తిరిగి పోవుటకు కారణము వేరు. అది సైమన్ కదలికలో ఉన్నది.

సైమన్ ఒకసారి ఎగిరినాడా, గాలిలో దారి మార్చుకొనలేడు. 1985లో వచ్చిన "సూపర్ మారియో బ్రదర్స్"లో మారియో గాలిలోనే అటునిటు ఒదిగి తప్పు దిద్దుకొనగలడు. సైమన్‌కు ఆ వెసులుబాటు లేదు. కొరడా సైతము మీట నొక్కిన క్షణముననే తగలదు. చేయి వెనుకకు పోయి ముందుకు వచ్చునంత వ్యవధి పట్టును. దెబ్బ తగిలినచో అతడు వెనుకకు ఎగిరిపడును. వెనుక గొయ్యి ఉన్నచో ప్రాణము పోయినట్లే. కనుక అడుగు వేయుటకు ముందే ఆలోచింపవలెను.

మెడూసా తలలు అలవలె పైకి క్రిందికి ఊగుచు వచ్చును. మొదట అవి దిక్కు తోచనీయవు. పదిసార్లు ఓడినవానికి ఆ ఊపులో ఒక లయ కనబడును. లయ తెలిసినతోడనే భయము లెక్కగా మారును.

సైమన్ ప్రాణబలమును చూపు గీతలు 16. తుది పోరాటమునందును అవి 16 మాత్రమే. కొరడా కొంత పొడుగగును గాని, ప్రాణము పోయిన వెంటనే మొదటికి వచ్చును. వీరుడు ఎదగడు, ఎదుగునది ఆడువాడు. ఇదే పరంపరలో 1997లో వచ్చిన "సింఫనీ ఆఫ్ ది నైట్" మరింత విశాలమైనది, మనోహరమైనది. అందులో డ్రాకులా కుమారుడు అలుకార్డ్ శత్రువులను చంపినకొలది బలము పుంజుకొనును. నేర్పు కొరవడినను ఆ బలముతో గట్టెక్కవచ్చును. మొదటి కోటలో ఆ దారి లేదు.

ఈ కాఠిన్యమంతయు న్యాయమేనని వాదింపనక్కరలేదు. మృత్యువు కాపున్న గదికి ముందరి నడవాలో కవచధారులు గొడ్డళ్ళు విసరుచుండగా, మెడూసా తలలు కూడ వచ్చి మీద పడును. అక్కడ సహనవంతునికి సైతము విసుగు పుట్టును.

అయినను ఉపాధ్యాయులకు ఇందలి సారము కొత్తది కాదు. అభ్యాసము కూసు విద్య అని సామెత. లెక్క తప్పిన విద్యార్థికి జవాబు చెప్పివేయుట సులభము. తప్పు ఎక్కడ జరిగినదో వానికే కనబడునట్లు చేయుట కష్టము. ఆ కోట చేయునది ఈ రెండవ పనియే. డబ్బు చెల్లించి కష్టమును దాటిపోవు ఆటలు పెరిగిన ఈ రోజులలో, ఆడవద్దనుటకు ముందు ఏ ఆటయో అడిగి తెలిసికొనుట మంచిది. ఆట ముగిసిన పిదప పిల్లవానికి మిగిలినది తెరమీది వీరుని బలమా, తన సొంత నేర్పా? నేర్పే అయినచో, ఆ గంట పూర్తిగా వృథా పోలేదు.