ఆ గొంతుకు ఆట కూడా తెలుసు



మీ పత్రిక గత సంచికలో ఘంటసాలపై వచ్చిన వ్యాసం ‘దేవదాసు’ విషాదంతో మొదలై భగవద్గీతతో ముగిసింది. మధ్యలో, గెంతుల పాటలు ఆయన స్థాయికి తగినవి కావని ఒక్క వాక్యంలో తేల్చేశారు. గుడివాడ ప్రాంతం వాడిగా ఆ మాట నేను ఒప్పుకోను.

ఘంటసాల 1922లో మా గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూర్యనారాయణగారు మృదంగం వాయిస్తూ నారాయణతీర్థుల తరంగాలు పాడుతుంటే ఈ పసివాడు ఆడేవాడు. జనం ముద్దుగా ‘బాలభరతుడు’ అనేవారు. విజయనగరం సంగీత కళాశాల గడప తొక్కడం తర్వాతి సంగతి. లయ ముందు ఆయన కాళ్లకే పట్టుబడింది.

1971లో వచ్చిన ‘దసరా బుల్లోడు’ పాటలు మళ్లీ వినండి. తెరమీద స్టెప్పులు అక్కినేనివి, ఆయనదీ మా ప్రాంతంలోని రామాపురమే. ఆ స్టెప్పులకు కుర్రకారు ఎంత ఊగిపోయిందో ఆనాటి వాళ్లెవరినడిగినా చెబుతారు. ఘంటసాల గొంతు మాటను ఎక్కడ నొక్కిందో అడుగు అక్కడే పడుతుంది. యాభైకి దగ్గరపడ్డ మనిషి పాడిన పాటలవి!

ఇలా ఆటతో మొదలైన గాయకుడు ఘంటసాల ఒక్కరే కాదు. అమెరికాలో మెంఫిస్ గాయకుడు రూఫస్ థామస్ కూడా కుర్రతనంలో ట్యాప్ డాన్సరే. ‘వాకింగ్ ద డాగ్’, ‘డూ ద ఫంకీ చికెన్’ రికార్డులతో జనాన్ని ఆడించాడు. సోల్ అనే ఆ దేశపు సంగీత శైలి చరిత్రలో ఆ రికార్డులకు గౌరవమైన చోటే ఉంది. మరి ఘంటసాల హుషారు పాటలకు మన దగ్గర ఎందుకు ఉండకూడదు?

ఘంటసాల హుషారు పాటల మీదే ఒక పూర్తి వ్యాసం వేయించండి. చౌటపల్లి తరంగాల దగ్గర మొదలుపెట్టమని రచయితకు చెప్పండి.

— ఒక పాఠకుడు, గుడివాడ