ఈ వేసవికి కూడా స్విట్జర్లాండేనా?

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయి. మన సంఘంలో ఏ నలుగురు కలుసుకున్నా "ఈసారి ఎక్కడికండీ?" అన్న ప్రశ్న వినబడుతోంది. జవాబు అడగకుండానే తెలుసు. లండన్, పారిస్, స్విట్జర్లాండు. అవి అయిపోయినవారికి ఇటలీ. ఇటలీ కూడా అయిపోయినవారికి మళ్ళీ స్విట్జర్లాండు, ఈసారి అత్తమామలతో. ఈ వరస ఏ శాస్త్రం విధించిందో గాని మనవాళ్ళు సంధ్యావందనం కంటె నిష్ఠగా పాటిస్తున్నారు.

మేము స్విట్జర్లాండుకు శత్రువులం కాము. ఆ కొండలు నిజంగానే అందమైనవి. మా పేచీ కొండలతో కాదు, మనం వాటిని చూసే తీరుతో. యుంగ్‌ఫ్రౌయోఖ్ అనే చోట, 3,454 మీటర్ల ఎత్తున, మంచు మధ్య మనవాళ్ళకోసం ఉత్తరాది భోజనం వడ్డించే హోటలు ఉంది. ఇంటర్లాకెన్ ఊళ్ళో 2016లో హిందీ చిత్రాలు తీసిన యశ్ చోప్రాగారి విగ్రహం నిలబెట్టారు. ఇంత ఖర్చుపెట్టి, ఇంత దూరంపోయి మనం చూస్తున్నది పరాయిదేశాన్ని కాదు, సినిమాలో చూసిన పాటను. అందుకే మొన్న దీపావళి సభలో అయిదు కుటుంబాలవారు తమ యాత్రా చిత్రాలు తెరమీద చూపిస్తే, ఏవి ఎవరివో పిల్లల ముఖాలనుబట్టి పోల్చుకోవలసి వచ్చింది.

పిల్లల సెలవులు ఏడాదికి ఒక్కసారి వస్తాయి. వాళ్ళు మనతో కలిసి తిరిగే వేసవులు లెక్కపెడితే పది, పన్నెండు. అందులో ఒక్కటైనా ఎవరూ పోని దేశానికి ఇవ్వమని మా వాదన. అయితే ఎవరూ పోలేదు గనుక పోదాం అనడమూ ఒక రోగమే. "మీరు ఇంకా ఐస్‌లాండు చూడలేదా?" అని చేతిలో కాఫీ కప్పుతో జాలిపడే మహానుభావులు మనలోనూ తయారయ్యారు. వారి పక్షాన మేము మాట్లాడడం లేదు. చిన్న దేశమైనా ఫరవాలేదు, మనకు చెప్పడానికి దాని దగ్గర ఏదో ఉండాలి. అలాంటి దేశం ఒకటి చూపిస్తాము: ఆర్మేనియా.

ఈ పేరు చెబితే "రుమేనియానా?" అని అడిగినవారున్నారు. కాదు. జార్జియా, అజర్‌బైజాన్, ఇరాన్, టర్కీల మధ్య ఇరుక్కున్న కొండల దేశం. వైశాల్యంలో తెలంగాణలో నాలుగోవంతు. జనాభా ముప్ఫై లక్షల చిల్లర, అంటే హైదరాబాదులో సగం కూడా కాదు. దేశం బయట ఉన్న ఆర్మేనియన్లు లోపల ఉన్నవారికంటె ఎక్కువ. మన వలసకుటుంబాలు ఆ దేశం మీద శ్రద్ధ పెట్టడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం లిపి. క్రీ.శ. 405 ప్రాంతంలో మెస్రోప్ మష్తోత్స్ అనే మతగురువు తన జాతి భాషకు 36 అక్షరాలు కూర్చి ఇచ్చాడు. మన కలమళ్ళ శాసనం సుమారు 575 నాటిది. దానికంటె నూట డెబ్బై ఏళ్ళు ముందన్నమాట. తర్వాత మరి మూడు అక్షరాలు చేరాయి. ఆ అక్షరాలే ఈనాటికీ యెరెవాన్ బస్సులమీద, మందులషాపుల బోర్డులమీద కనబడతాయి. రాజధాని పెద్దవీధికి మష్తోత్స్ పేరే పెట్టారు. ఆ వీధి చివర, గుట్టమీద, కోటలాంటి ఒక కట్టడం ఉంది. అది కోటా కాదు, గుడీ కాదు. చేతివ్రాత గ్రంథాల భాండాగారం. పేరు మతెనదరాన్. వాకిట్లో మష్తోత్స్ విగ్రహం, పక్కన రాతిమీద చెక్కిన అక్షరమాల.

లోపల ముష్ ప్రవచనాల గ్రంథం అనే ఒక పుస్తకం ఉంది. 1200-1202 మధ్య తోలుమీద వ్రాసినది, బరువు సుమారు 28 కిలోలు. 1915లో ఒట్టోమన్ ప్రభుత్వం ఆర్మేనియన్లను ఊచకోత కోస్తున్న రోజుల్లో, పారిపోతున్న ఇద్దరు ఆడవాళ్ళకు అది దొరికిందట. ఒక్కరు మోయలేక దాన్ని రెండుగా విడదీసుకున్నారు. ఒకామె తన భాగంతో ఎచ్మియాద్జిన్ మఠం చేరింది. రెండో ఆమె దారిలోనే చనిపోయింది; చనిపోయేముందు తన భాగాన్ని ఎర్జురుంలో ఒక మఠం ఆవరణలో పాతిపెట్టింది. తర్వాత అదీ బయటపడి మొదటి భాగంతో కలిసింది. ఆ ఇద్దరికీ ఆ పుస్తకం చదవడం వచ్చో రాదో ఎవరు చెప్పగలరు? ప్రాణాలు అరచేత పట్టుకొని పోయేవాళ్ళు మూటలో బట్టలు, రొట్టెలు పెట్టుకుంటారు గాని పుస్తకం పెట్టుకుంటారా? ఈ ప్రశ్న మన పిల్లలు ఆ గాజుపెట్టె ముందు నిలబడి అడగాలి. మనం జవాబు చెప్పలేక తడబడాలి. ఏ మంచుకొండమీద దొరుకుతుంది ఇంత మంచి అవస్థ?

యెరెవాన్ నుంచి అరగాత్స్ కొండవైపు పోతే అర్తషవాన్ ఊరి దగ్గర 39 అక్షరాలూ మనిషెత్తు రాళ్ళుగా నిలబడి ఉంటాయి. లిపి పుట్టి 1,600 ఏళ్ళయిన సందర్భంలో 2005లో పెట్టారు. పిల్లలు వాటిమీదికి ఎక్కి, సందుల్లో దూరి, తమ పేరులో ఉన్న అక్షరం పట్టుకొని ఫోటోలు తీయించుకుంటారు. మన ఆదివారం బడిలో తెలుగు అక్షరాలు 56 అంటే "అమ్మో, అన్నా?" అని పిల్లలకంటె ముందు తల్లిదండ్రులే భయపడుతున్నారు. బడి తెరిచిననాడు గది నిండా పిల్లలు. నాలుగు వారాలు తిరిగేసరికి టీచరుగారి సొంతపిల్లలు ఇద్దరు.

ఇక మనకు దగ్గర సంబంధం. మద్రాసులో చదువుకున్న పెద్దలకు పారీస్ కార్నరు దగ్గరి ఆర్మేనియన్ వీధి, అందులోని పాత చర్చి గుర్తుండే ఉంటాయి. సైదాపేట దగ్గర అడయారు నదిమీద 1726లో వంతెన కట్టించినది ఖోజా పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మేనియన్ వర్తకుడు. అంతకంటె ముఖ్యమైనది, ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక "అజ్‌దరార్" వెలువడినది యెరెవాన్‌లో కాదు, మద్రాసులో. 1794లో హరుత్యున్ ష్మవోన్యన్ అనే మతగురువు దాన్ని స్థాపించాడు. సొంతగడ్డకు వేల మైళ్ళ దూరంలో, గుప్పెడుమంది చదువరులకోసం. రెండేళ్ళు నిండకుండానే ఆగిపోయింది. సైక్లోస్టైలు కాగితాలు మడిచి తపాలాబిళ్ళలు అంటించే మన సంపాదకవర్గానికి ఈ కథ వేరే వివరించనక్కరలేదు.

ఇప్పుడు ఆక్షేపణలు. మొదటిది ఎప్పుడూ తిండే. శాకాహారులకు ఏం దొరుకుతుందని అడుగుతారు. మాంసం ఎక్కువ తినే దేశమే, కాదనము. కాని వారి ఉపవాసదినాల వంటలు అనేకం ఉన్నాయి. చిక్కుడుగింజలు, సెనగలు, పప్పు కలిపి క్యాబేజీ ఆకులో చుట్టిన దోల్మా ఒకటి. రకరకాల ఆకుకూరలు కూరి కాల్చిన రొట్టె మరొకటి. "మత్సున్" అంటే పెరుగు. "తాన్" అంటే ఉప్పు వేసిన మజ్జిగ, అచ్చంగా మజ్జిగే. పెరుగు దొరికే దేశంలో తెలుగువాడు ఆకలికి చచ్చిన దాఖలా లేదు. నేలలో గొయ్యిలా కట్టిన పొయ్యి గోడకు అంటించి లవాష్ రొట్టె కాలుస్తారు. దాన్ని యునెస్కో 2014లో వారసత్వ జాబితాలో చేర్చింది. వీధుల్లో అడుగడుగునా తాగే నీటి కుళాయిలుంటాయి, చాలావరకు పోయినవారి జ్ఞాపకార్థం కట్టించినవే. మన చలివేంద్రాలు గుర్తుకు రాకమానవు.

భద్రత సంగతి తేలికగా కొట్టివేయదగినది కాదు. 2020లో అజర్‌బైజాన్‌తో 44 రోజుల యుద్ధం జరిగింది. 2023 సెప్టెంబరులో నాగోర్నో-కరబాఖ్ నుంచి లక్షమందికి పైగా ఇళ్ళు వదిలి ఆర్మేనియాకు వచ్చారు. బయలుదేరేముందు మన ప్రభుత్వ సలహాలు చదువుకోవాలి, సరిహద్దు పల్లెల జోలికి పోకూడదు. యెరెవాన్, గార్ని, సెవాన్ సరస్సు చూడడానికి సరిహద్దుదాకా పోనక్కరలేదు. ఇక పిల్లలకు తీగమీది పెట్టె ఎక్కడమే ముఖ్యమంటారా, తాతెవ్ మఠానికి 5.7 కిలోమీటర్ల తీగమార్గం 2010లో వేశారు.

"సెలవుల్లో ఏడుపు కథలెందుకండీ" అన్నది మూడో ఆక్షేపణ. దీనిమీదే మాకు కోపం. యెరెవాన్‌లో ఆకాశం తేటగా ఉన్ననాడు అరారత్ కొండ ఊరంతటికీ కనబడుతుంది. వారి రాజచిహ్నం మీద ఉన్నది ఆ కొండే. కాని కొండ టర్కీలో ఉంది, ఆ సరిహద్దు 1993లో మూశారు. రోజూ కిటికీలోంచి చూస్తూ, తిన్నగా నడిచిపోలేని కొండ. వాళ్ళను తరిమారు, మనల్ని ఎవరూ తరమలేదు. మంచి జీతంకోసం మనంతట మనమే వచ్చాము, టిక్కెట్టు కొంటే మర్నాటికి మన ఊళ్ళో ఉంటాము. అయినా అక్షరాలు పోగొట్టుకుంటున్నది ఎవరు? ఆర్మేనియన్లు దేవతలని మేము అనడం లేదు. వలసపోయినవారు మాట్లాడే పశ్చిమ ఆర్మేనియన్ కూడా ప్రమాదంలో ఉందని యునెస్కో 2010లో ప్రకటించింది. వారికీ బళ్ళు ఖాళీ అవుతున్నాయి. తేడా ఏమిటంటే ఆ సంగతి వారికి బాధ. మనకు అది శనివారం సాయంత్రం విందులో చెప్పుకునే హాస్యం, "మావాడికి తెలుగు ఒక్కముక్క రాదండీ" అని, కొంత గర్వంగా కూడా.

ప్రయాణం కష్టమనేవారికి ఒక్కమాట. మనలో సగంమంది ఎలాగూ వేసవిలో దోహామీదుగా హైదరాబాదు పోతున్నాము. దోహా నుంచి యెరెవాన్‌కు విమానముంది. పోతూనో వస్తూనో వారంరోజులు చాలు. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవారికి వీసా అక్కరలేదు. భారతీయ పాస్‌పోర్టువారు ముందే విచారించుకోవాలి. జూలై, ఆగస్టుల్లో యెరెవాన్ ఎండ మన విజయవాడను తలపిస్తుంది గనుక జూన్ మేలు. ఆప్రికాట్లు బజారుకు రావడం మొదలయ్యేదీ ఆ నెలలోనే.