తల్లిదండ్రుల జీవనము - బిడ్డల ప్రవేశము

అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున బోల్డరు పట్టణమందు రోమను కాథలిక్కుల పాఠశాల యొకటి కలదు. దంపతులవలె జీవించుచున్న యిద్దరు స్త్రీలు తమ బిడ్డల నందు చదివించుచుండిరి. ఆ బిడ్డలను పైతరగతులలో చేర్చుకొనజాలమని 2010 మార్చిలో పాఠశాలవారు తెలియజేసిరి. నాటి డెన్వరు అగ్రపీఠాధిపతి చార్లెస్ షాపూగారు ఈ నిర్ణయమును బహిరంగముగా సమర్థించిరి. రెండు నెలలకే మసాచుసెట్సు రాష్ట్రమందలి హింగాములో మరియొక కాథలిక్కు పాఠశాల, ఇట్టి కారణముచేతనే, ఎనిమిదేండ్ల బాలునకిచ్చిన ప్రవేశమును ఉపసంహరించెను. కాని అచ్చటి బోస్టను అగ్రపీఠమువారు, ఇది తమ విధానము కాదనియు, బాలుని వేరొక కాథలిక్కు పాఠశాలలో చేర్చుటకు తోడ్పడుదుమనియు ప్రకటించిరి. 2011 జనవరిలో, ఏ వర్గపు విద్యార్థులనైనను వెలిగానుంచరాదని వ్రాతపూర్వకమగు నియమమునే యేర్పరచిరి. నాడు బోస్టను పీఠము నధిష్ఠించియుండిన కార్డినల్ ఓ'మ్యాలీగారును షాపూగారును ఒకే కపుచిన్ సన్యాసి సంఘమునకు చెందినవారు! గురువులొక్కరే, గ్రంథమొక్కటే, తీర్పులు మాత్రము రెండు.

ఆ గ్రంథమేమి చెప్పుచున్నది? 1992లో రెండవ జాన్ పాల్ పోపు కాలమున వెలువడిన సత్యోపదేశమునందు ఈ విషయము స్పష్టముగనే యున్నది. స్వలింగ సంపర్కము ప్రకృతిధర్మమునకు విరుద్ధము. అట్టి ప్రవృత్తి గలవారు బ్రహ్మచర్యము నవలంబింపవలెను. అయినను వారిని గౌరవముతోను, కరుణతోను, సున్నితముగాను ఆదరింపవలెననియు, అన్యాయమగు వివక్షకు చిహ్నమాత్రమును చోటీయరాదనియు అక్కడనే వ్రాయబడియున్నది. మొదటి వాక్యమును మాత్రము చదువువారును, రెండవదానిని మాత్రము చదువువారును లోకమున పుష్కలముగానున్నారు. ఈ సిద్ధాంతము మంచిదా చెడ్డదా యను విచారము నిటకు తేబోము. తన విశ్వాసమేమో నిర్ణయించుకొను హక్కు శ్రీసభకు కలదు. దానిని తన బడిలో బోధించు హక్కును కలదు.

షాపూగారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. బిడ్డలకు తొలి గురువులు తల్లిదండ్రులు, బడి వారికి సహాయకారి మాత్రమే. ఇంటిలో నొకటియు బడిలో నొకటియునైనచో బిడ్డ మనస్సు కలతపడును, ఉపాధ్యాయుడును ఇరకాటమున పడును, అనునది వారి భావము. తన తల్లుల జీవనము పాపమని తరగతిలో వినవలసిన బిడ్డయవస్థ నిజముగా కఠినమైనదే. కాని ఆ కాఠిన్యమును తప్పించుటకు ఆ బిడ్డనే వెళ్లగొట్టుట యేమి చికిత్స? తన యింటిని ఆచార్యులు మెచ్చరను సంగతి, బడిలో నుండిన నెన్నడో యొకనాడు పాఠముగా వినును. వెళ్లగొట్టబడినచో నేడే శిక్షగా ననుభవించును.

మరియు ఈ కొలబద్దను అందరిపైనను సమముగా ప్రయోగించుచున్నారా? విడాకులు పొంది, సభ యనుమతి లేక మరల వివాహమాడుట వ్యభిచారమని ఆ గ్రంథమే చెప్పుచున్నది. కృత్రిమ సంతాన నిరోధము నిషిద్ధమని 1968లో ఆరవ పాల్ పోపు పునరుద్ఘాటించెను. దానిని పాటింపని కాథలిక్కు గృహములు అమెరికాలో నెన్నియో. వీరి బిడ్డలు బడికి పోవుచునే యున్నారు. విడాకులు పొందినవారి బిడ్డలను, అన్యమతస్థులను, ఏ మతమును లేనివారిని సైతము చేర్చుకొనుచున్నామనియు, తల్లిదండ్రులు బడి యాశయమునకు బహిరంగముగా ప్రతికూలురు కాకుండుటయే నియమమనియు షాపూగారు సమాధానము చెప్పిరి. అనగా దాగిన దోషమునకు క్షమ, కనబడు దోషమునకు వెలి! మన దేశమునందలి మిషను విద్యాలయముల సంగతి పాఠకులెరుంగనిది కాదు. 1953లో విజయవాడలో జెసూయిట్లు స్థాపించిన ఆంధ్ర లయోలా కళాశాలయందు చదివిన హిందూ విద్యార్థులెందరు! వారి యిండ్లలోని పూజాగృహములు క్రైస్తవ సిద్ధాంతమునకు ప్రతికూల సాక్ష్యము కాకపోయెనా?

ఇంతకంటె ముఖ్యమగు విషయమొకటి. 1922లో ఆరెగాన్ రాష్ట్ర ప్రజలు, ఎనిమిది మొదలు పదునారేండ్లలోపు బిడ్డలెల్లరును ప్రభుత్వ పాఠశాలలకే పోవలెనని శాసనము చేసిరి. కాథలిక్కు ద్వేషులగు కూ క్లక్సు క్లానువారు దానిని బలపరచిరి. కన్యాస్త్రీల సంఘమొకటి న్యాయస్థానమున కెక్కగా, 1925లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా ఆ శాసనమును కొట్టివేసెను. బిడ్డ రాజ్యముయొక్క సొత్తు కాదు, వానికెట్టి విద్య చెప్పింపవలెనో నిర్ణయించువారు పెంచువారే యను సూత్రముపైననే కాథలిక్కు బడులు నాడు బ్రదికెను. తల్లిదండ్రుల యిచ్ఛయే తమకు కవచమైన సభవారు, తమ బడినే కోరి తలుపు తట్టిన తల్లులకు దానిని మూయుట వింతగానున్నది. చట్టము వారిని నిర్బంధింపకపోవచ్చును. చరిత్ర మాత్రము జ్ఞాపకము చేయుచున్నది.

రోమాపురి ధోరణియు గమనింపదగినది. స్వలింగ దంపతులు పెంచుకొను బిడ్డకు, కాథలిక్కు మతమునందు పెంపబడునను సహేతుకమగు నాశ యున్నచో, జ్ఞానస్నాన మీయవచ్చునని 2023లో విశ్వాస సిద్ధాంత పీఠము తెలిపెను. వివాహముపై సిద్ధాంతము మారలేదు. అయినను, క్రైస్తవునిగా పెంచుమని జ్ఞానస్నానమిచ్చి, ఆ పెంపకమునకై నెలకొల్పిన బడిలో చోటు లేదనుట పొసగునా?

బోస్టను నియమమున నొక షరతు కలదు: శ్రీసభ బోధ పాఠ్యక్రమమున నవిభాజ్యమని తల్లిదండ్రులు గ్రహించి యంగీకరింపవలెను. ఇది చాలును. బడి తన బోధను వదలుకొననక్కరలేదు. బిడ్డ బడిని వదలుకొననక్కరలేదు. దీనికి సమ్మతింపని పీఠములవారు, కనీసము తమ నిషేధమును ప్రవేశపత్రమునందే ముద్రింపవలెను. బిడ్డను చేర్చుకొని, జీతము పుచ్చుకొని, వాడు తోటివారితో చెలిమి కలిసిన పిమ్మట నడుమ పొమ్మనుట మాత్రము కూడదు.